వరస కలిసింది

జువ్వలపాడు విలేజ్ క్లినిక్‌కు నర్సుగా వచ్చిన కొత్తలో లిడియాకు అన్నిటికంటే వింతగా తోచినవి ఆ ఊరి పిలుపులు. దర్శి బస్సు దిగి, సంచులు రోడ్డు పక్కన పెట్టుకుని నిలబడిందో లేదో, టీ కొట్టు ముందు కూర్చున్న ముసలాయన్ని సైకిల్ మీద పోతున్న మనిషి “ఏం మామా, మిరపకు మందు కొట్టావా” అని అడగడం, ఆయన “గాలి ఆగితే గదరా అల్లుడూ” అనడం చెవిన పడింది. మామా అల్లుళ్ళు కాబోలు అనుకుంది. తర్వాత తెలిసింది, ఆ ముసలాయన రాములవారి గుడి ధర్మకర్త అని, సైకిల్ మనిషి ఆదివారం పూట చర్చిలో చందా పళ్ళెం పట్టుకునే ఇషాక్ అని. వాళ్ళ తాతల నాటి నుంచీ అంతేనట.

ఊళ్ళో ఎవరికి ఎవరూ ఊరికే మనుషులు కారు. ప్రతివాళ్ళూ ప్రతివాళ్ళకూ ఏదో ఒకటి అవుతారు. ఎవరు ఎవరితో పరాచికాలాడొచ్చు, ఎవరి ముందు గొంతు తగ్గించాలి, ఎవరింటికి గిన్నె పట్టుకెళ్ళి మొహమాటం లేకుండా కూర వేయించుకోవచ్చు, అన్నీ ఆ వరసను బట్టే.

లిడియాకు ఈ విద్య రాదు. కొత్తపట్నం దగ్గర జాలరి పల్లెలో పుట్టిందని మాత్రం ఆమెకు చెప్పారు. తల్లి పోయాక ఎవరో తీసుకొచ్చి ఒంగోలులో ఆడపిల్లల హోమ్‌లో వదిలారు. అక్కడ పెద్దపిల్లలందరూ అక్కలు, వంటవాళ్ళూ ఆయాలూ ఆంటీలు, వార్డెన్ మేడమ్. ఆ మూడు మాటల మధ్యే పెరిగింది, నర్సింగ్ చదివింది, ఉద్యోగం తెచ్చుకుంది. ఇంకో మాట అవసరం పడలేదు.

ఊళ్ళో వరసలన్నిటికీ పెద్ద దిక్కు వెంకటరావమ్మ. ఆమె అరుగు మీద కూర్చుని శనక్కాయలు వొలుస్తూ, అటుగా వెళ్ళే ప్రతి మనిషినీ పలకరిస్తుంది. లిడియా మొదటిసారి ఆ దారిన వెళ్ళినప్పుడు ఆపి, ఎవరమ్మాయివమ్మా అని అడిగింది. హోమ్‌లో పెరిగానండీ అంది లిడియా. ముసలమ్మ చేతిలో కాయ అలాగే పట్టుకుని కాసేపు చూసి, కూర్చో తల్లీ అని ఒక గుప్పెడు పప్పు చేతిలో పోసింది. అంతకుమించి ఏం చెయ్యాలో ఆమెకూ తోచలేదు. ఎవరో ఒకరు చుట్టమైతే ఆ కొస పట్టుకుని మిగతా ఊరంతా అల్లేసేది. ఈ పిల్లకు ఆ కొస లేదు. అందుకని ఊరు ఆమెను మేడమ్ అంది. బాగానే చూసుకుంది, కానీ మేడమ్ అంది.

లిడియా అద్దెకు దిగింది నన్నే సాహెబ్ ఇంట్లో, వీధి వైపు గదిలో. ఆయన దూదేకుల మనిషి. వెనకటిలా విల్లు భుజాన వేసుకుని తిరగడం లేదు, దూది ఏకే మిషన్‌ను ఆటోలో పెట్టుకుని ఊరూరా పోయి పాత పరుపులు విప్పి, దూది ఏకి మళ్ళీ కుట్టి ఇస్తాడు. మాట తక్కువ మనిషి. భార్య అమీర్‌బీ మిరప కోతలకూ పత్తి తీతకూ వెళుతుంది. వాళ్ళకు పిల్లల్లేరు.

లిడియా అలవాటు కొద్దీ అమీర్‌బీని ఆంటీ అని పిలిచింది. అమీర్‌బీ పలకలేదు. రెండోసారి పిలిస్తే, ఆంటీ అంటే నాకు పలకబుద్ధి కాదమ్మాయ్, పేరు పెట్టి పిలిచినా పలుకుతా అంది. అంత పెద్దామెను పేరు పెట్టి ఎలా పిలుస్తుంది? అప్పటినుంచి లిడియా ఏమీ పిలవడం మానేసింది. నీళ్ళు కావాలన్నా, తాళం చెవి ఇవ్వాలన్నా, దగ్గరకు వెళ్ళి ఎదురుగా నిలబడి, ఆమె తలెత్తి చూశాక మాట్లాడేది.

మిరప కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో, ఒక ఆదివారం చర్చి అయ్యాక లిడియా కల్లం చూడ్డానికి వెళ్ళింది. చూసినంత మేర ఎర్రగా పరిచిన కాయలు. వాటి మధ్య ఆడవాళ్ళు వరసగా కూర్చుని, రంగు పోయిన తాలు కాయలు ఏరి పక్కన వేస్తున్నారు. ఊరికే కూర్చోవడం ఎందుకని లిడియా కూడా అమీర్‌బీ పక్కన చేరి సాయంత్రం దాకా ఏరింది. వద్దమ్మాయ్, నీకు అలవాటు లేదు అని అమీర్‌బీ చెబుతూనే ఉంది. ఇంటికి వచ్చి స్నానం చేశాక మొదలైంది మంట. చేతులు నిప్పుల్లో పెట్టినట్టున్నాయి. క్లినిక్‌కు ఎవరైనా ఇలా వస్తే ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు, కానీ తన చేతులకు తను చేసుకోవడానికి తన చేతులే పనికి రాకుండా పోయాయి. గడప మీద కూర్చుని చేతులు ముందుకు చాపుకుని ఊదుకుంటుంటే అమీర్‌బీ చూసింది. గిన్నెలో మీగడ తెచ్చి వేళ్ళ సందుల్లో కూడా పూసింది. తర్వాత పెరుగన్నం కలిపి తెచ్చుకుని ఎదురుగా కూర్చుని, నోరు తెరవమంది.

లిడియాకు గుర్తున్నంతలో ఎవరూ ఆమెకు అన్నం తినిపించలేదు. ముద్ద నోట్లోకి వెళ్ళాక దాన్ని ఎలా మింగాలో తెలియనట్టు కాసేపు అలాగే ఉండిపోయింది. కొన్ని ముద్దలు అయ్యాక తల తిప్పి, “చాలమ్మా” అంది.

ఆ మాట ఇద్దరూ విన్నారు. అమీర్‌బీ చెయ్యి ముద్దతో అలాగే ఆగింది. “ఇంకొక్క ముద్ద తిను” అంది.

ఆ సంగతి ఊరికి తెలిసింది క్లినిక్‌లో గొడవ జరిగిన రోజున. ఒక ట్రాక్టర్ డ్రైవరు ఒళ్ళు నొప్పులని వచ్చి సెలైన్ పెట్టమన్నాడు. అవసరం లేదు, మాత్రలు చాలు అంది లిడియా. అతను గొంతు పెంచాడు. ఎక్కడినుంచో వచ్చి మాకు చెబుతావా, నీకు ముందూ వెనకా ఎవరున్నారని ఈ పొగరు అన్నాడు. పనినుంచి వస్తున్న అమీర్‌బీ, తలకు కట్టుకున్న తువ్వాలు కూడా విప్పకుండా లోపలికి వచ్చింది.

“నేనున్నాను” అంది. “అది నా కూతురు. ఏం కావాలో నన్నడుగు.”

డ్రైవరు ఒకడుగు వెనక్కి వేశాడు. అతను అమీర్‌బీని వదినా అని పిలిచేవాడు. నాకు తెలీదు వదినా అని నసిగాడు. ఇప్పుడు తెలిసిందిగా, నీకూ కూతురు వరసే, మాత్రలు తీసుకుని ఇంటికి పో అంది అమీర్‌బీ. అతను తలొంచుకుని పోయాడు. మర్నాడు క్లినిక్ గుమ్మంలో ఒక సంచెడు వంకాయలు పెట్టి వెళ్ళాడు.

ఇక ఊరికి కొస దొరికింది. వెంకటరావమ్మ లిడియాను పిలిపించి, అమీర్‌బీ నన్ను పిన్నీ అంటుంది గనక నువ్వు నాకు మనవరాలివి, అమ్మమ్మా అను అని ఆజ్ఞాపించింది. అక్కణ్ణించి ఇంటింటికీ అల్లుకుపోయింది. పాల కేంద్రం అతను బాబాయ్ అయ్యాడు. అంగన్‌వాడీ టీచరు శ్రీరమ్య వదిన అయ్యి, అయిన రోజునుంచే ఆటపట్టించడం మొదలుపెట్టింది. ఎండలో గొడుగు లేకుండా వెళితే తిట్టేవాళ్ళు తయారయ్యారు. బీపీ చూపించుకోవడానికి వచ్చిన ముసలాయన ముందు చెయ్యి చాపకుండా, ఏమే పిల్లా అన్నం తిన్నావా అని అడిగేవాడు. లిడియా రాత్రుళ్ళు పడుకోబోయే ముందు ఎవరు ఏమవుతారో వేళ్ళ మీద చెప్పుకుంటూ పరీక్షకు చదివినట్టు చదివేది. తప్పు పిలిస్తే ఊరంతా నవ్వేది. ఆ నవ్వు కూడా ఆమెకు బాగుండేది.

శ్యామ్‌సుందర్ ఆ రోజుల్లోనే వచ్చాడు. చర్చి పేటలో ఉండే జక్రయ్య, రెబ్కాల కొడుకు. మార్టూరులో గ్రానైట్ పాలిష్ పట్టే యూనిట్‌లో పని. శనివారం సాయంత్రం బస్సుకు వచ్చి, ఆదివారం చర్చిలో డోలక్ వాయించి, సోమవారం తెల్లవారి వెళ్ళిపోతాడు. ఒకసారి రాతి పలక అంచు తగిలి అరచెయ్యి కోసుకుపోయి వచ్చాడు. ఆదివారం అయినా లిడియా క్లినిక్ తెరిచి కట్టు కట్టింది. కడుతున్నంతసేపూ అతను నొప్పి గురించి మాట్లాడలేదు, రాళ్ళ గురించి మాట్లాడాడు. నీళ్ళు పోస్తూ పాలిష్ పడుతుంటే, బూడిదలా ఉన్న రాయి లోపలినుంచి రంగు పైకి తేలుతుందట. “అది మొదటిసారి పైకొచ్చేటప్పుడు చూడాలండీ” అన్నాడు. ప్రతివారం కట్టు మార్పించుకున్నాడు. గాయం మానిపోయాక కూడా వచ్చి చెయ్యి చాపి, ఒకసారి చూడండి అనేవాడు. ఆమె చూసేది.

ఊళ్ళో ఇంతమందిని ఇన్ని వరసలతో పిలవడం నేర్చుకున్న లిడియా అతన్ని మాత్రం ఏ వరసా పెట్టి పిలవలేదు. అతనూ అంతే. బస్సు దిగగానే తన ఇంటికంటే ముందు నన్నే సాహెబ్ ఇంటికి వచ్చి, అమ్మా అని కేకేసి, గిన్నెలో ఏముందో మూత తీసి చూసేవాడు. ఊళ్ళో అందరిలాగే అతనికీ అది ఒక పిలుపు అనుకుంది లిడియా.

వేసవి ముగుస్తుండగా ఒక ఆదివారం మధ్యాహ్నం రెబ్కా, జక్రయ్య శుభ్రమైన బట్టలు కట్టుకుని, అరటిపళ్ళ అత్తంతో వచ్చారు. లిడియా తన గదిలో ఉంది. తలుపు తీసే ఉంది. రెబ్కా మంచం కోడు మీద చెయ్యి వేసి, సంతోషం ఆపుకోలేనట్టు మాట్లాడింది.

“అక్కా, నీ కూతుర్ని మావాడికి అడగడానికి వచ్చాం.”

అమీర్‌బీ మొహం ఒక్కసారిగా విప్పారింది. వెంటనే ముడుచుకుంది.

“మీవాడు నాకూ కొడుకే కదా రెబ్కా” అంది మెల్లగా. “అన్నాచెల్లెళ్ళు అవుతారు.”

రెబ్కాకు ఆ సంగతి అప్పటిదాకా తట్టనే లేదు. తట్టాక మంచం కోడు మీద చెయ్యి తీసేసింది. జక్రయ్య గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అరటిపళ్ళు అక్కడే పెట్టి, మళ్ళీ వస్తామని లేచారు.

వాళ్ళు వెళ్ళాక అమీర్‌బీ లిడియాను పిలిచి కూర్చోబెట్టి చెప్పింది. చాలా ఏళ్ళ కింద అమీర్‌బీకి ఆడపిల్ల పుట్టి పురిట్లోనే పోయింది. అదే వారంలో రెబ్కాకు కాన్పులో ఫిట్స్ వచ్చి, తెలివి లేకుండా ఒంగోలు ఆస్పత్రిలో పడుంది. పిల్లవాడికి పాలు పట్టేవాళ్ళు లేరు. డబ్బా పాలు ఇమడలేదు. జక్రయ్య కండువాలో చుట్టుకుని ఈ గుమ్మంలోకి తెచ్చాడు. అడగడానికి నోరు రాక నిలబడి ఉన్నాడు. బిడ్డ ఏడుపు వినగానే తన రవిక తడిసిపోయిందని చెప్పింది అమీర్‌బీ. బిడ్డను ఒళ్ళోకి తీసుకుంది. రెబ్కా లేచి తిరిగే దాకా వాడు ఈ ఇంట్లోనే పెరిగాడు. తర్వాత అమీర్‌బీకి మళ్ళీ కడుపు పండలేదు.

“మా దీన్‌లో, మా మతంలో, పాలు తాగిన బిడ్డ కన్నబిడ్డతో సమానం. అది మార్చడానికి లేదు” అంది. “నువ్వంటే నోటి మాట మీద కూతురివి. మాట మార్చుకుంటే పోయేదేముంది? రేపట్నించి అత్తా అను. అన్నీ సర్దుకుంటాయి.”

ఆ మాట అంటూ అటు తిరిగి చేటలో బియ్యం చెరగడం మొదలుపెట్టింది. లిడియా లేచి తన గదిలోకి వెళ్ళింది.

పోయేదేముంది అన్న మాట ఆమెలో దిగబడిపోయింది. చదువుకున్న మనిషి, ఇక్కడ రక్తసంబంధం ఏదీ లేదని ఆమెకు తెలుసు. ఎవరిని అడిగినా ఇది అడ్డే కాదంటారు. కానీ ఉత్త మాటే కదా అని ఎలా అనుకుంటుంది? ఆ ఉత్త మాట మీదే కదా తను ఇంతమందికి మనిషి అయింది. డ్రైవరు తలొంచుకుని వెళ్ళింది ఆ మాటకే. ఇప్పుడు అవసరం వచ్చిందని దాన్ని తీసి పక్కన పెడితే, అది ముందునుంచీ ఏమీ కాదని ఒప్పుకున్నట్టే. ఇంత తేలిగ్గా ఇవ్వగలిగింది, ఇంత తేలిగ్గా వెనక్కి తీసుకోగలిగింది, నిజంగా ఇచ్చిందేనా అని కూడా అనిపించింది. మర్నాడు పొద్దున్నే పేటకు వెళ్ళి, తనకు పెళ్ళి వద్దని రెబ్కాకు చెప్పేసింది.

శ్యామ్‌సుందర్ వారం మధ్యలో సెలవు పెట్టుకుని వచ్చాడు. క్లినిక్ వరండాలో నిలబడి, ఆఖరి మనిషి మందులు తీసుకుని వెళ్ళేదాకా ఆగాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

“నాకు అమ్మలు ఇద్దరున్నారండీ” అన్నాడు చివరికి. “మీకు ఒక్కరే. ఆ ఒక్కరినీ నేను లాక్కోను.”

అతను మెట్లు దిగి బస్సు దగ్గరకు నడిచి వెళ్ళిపోతుంటే లిడియా చూస్తూ నిలబడింది. అతను కోప్పడి ఉంటే బాగుండేది అనుకుంది. అప్పుడు వదులుకోవడం సులువయ్యేది.

ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. లిడియాకు అమ్మా అనడానికి నోరు రాలేదు, అత్తా అనడానికి మనసు రాలేదు. మళ్ళీ మొదట్లోలాగే దగ్గరకు వెళ్ళి ఎదురుగా నిలబడటం మొదలుపెట్టింది. అమీర్‌బీ కూడా ఆమె కళ్ళలోకి చూడకుండా కంచం పెట్టి వెళ్ళిపోయేది.

ఒక సాయంత్రం నన్నే సాహెబ్ పెరట్లో పరుపు కుడుతున్నాడు. లిడియా నీళ్ళు తోడుకోవడానికి వెళితే, సూది ఆపి పిలిచాడు. ఆ ఇంటికి వచ్చాక ఆయన ఆమెతో మాట్లాడిన పెద్ద మాట అదే.

“మీ అమ్మ ఆ రోజు అలా ఎందుకందో తెలుసా? తను బాధపడితే నువ్వు ఆ పిల్లవాణ్ణి వదిలేసుకుంటావని భయపడింది. తేలిగ్గా అనేస్తే నువ్వూ తేలిగ్గా తీసుకుంటావనుకుంది. నువ్వు లోపలికి వెళ్ళాక ఆ చేట ముందు కూర్చుని ఎంత ఏడ్చిందో నాకు తెలుసు.”

అంతే చెప్పి మళ్ళీ సూది అందుకున్నాడు.

లిడియా బిందె అక్కడే పెట్టి, తడి చేతులు చీరకు తుడుచుకుంటూ వెంకటరావమ్మ ఇంటికి వెళ్ళింది. అరుగు మీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా చెప్పింది. దారి ఏమైనా ఉందా అని అడిగింది. ముసలమ్మ శనక్కాయలు పక్కకు జరిపి, కళ్ళు మూసుకుని, పెదవులు కదుపుతూ చాలాసేపు లెక్క కట్టుకుంది.

“కోడలికి మొగుడి వల్ల వస్తుంది ఆ ఇల్లు. మొగుడు రాకముందు ఆమె పరాయిదే. నీ బాధ అదేగా?” అంది కళ్ళు తెరిచి. “పుట్టుకతోనే ఆ ఇంటిదై, ఆ ఇంటి కొడుకును చేసుకునే వరస ఒకటుంది. మేనకోడలు. అమీర్‌బీకి తమ్ముడు లేడూ, దర్శిలో నాగూర్ వలి? వాడు నిన్ను కూతురు అంటే, అమీర్‌బీ నీకు మేనత్త. కన్నతల్లి తర్వాత అంతటిది. ఇక శ్యామ్‌గాడు నీకు బావ. పద్ధతి ప్రకారం వాణ్ణి అడిగే హక్కు నీకే ముందు.”

ఆయన ఒప్పుకోవాలి కదా అంది లిడియా.

“ఒప్పుకోకపోతే నా దగ్గరకు రమ్మను, కొడుకు వరస వాడు నాకు. నాకైతే ఎటు తిరిగినా నువ్వు మనవరాలివే. అమ్మమ్మను కాస్తా నాయనమ్మనవుతా” అంది వెంకటరావమ్మ.

అమీర్‌బీ కల్లంలో ఉంది. మబ్బు పట్టిందని మిగిలిన కాయల మీద పట్టా కప్పుతున్నారు. లిడియా పట్టా రెండో కొస పట్టుకుని లాగుతూ సంగతి చెప్పింది. అమీర్‌బీ వింటూ వింటూ పట్టా మీద పెట్టబోతున్న రాయి చేతిలోనే పట్టుకుని నిలబడిపోయింది. గాలికి పట్టా లేచి పోతుంటే ఇద్దరూ దాని అంచు మీద కూర్చున్నారు. కాసేపటికి అమీర్‌బీ, రేపు ఎన్నింటికి బస్సు అని అడిగింది.

బస్సులో కిటికీ పక్కన లిడియాను కూర్చోబెట్టి, దారి పొడుగునా అమీర్‌బీ తన చిన్నతనం చెప్పింది. వాళ్ళమ్మ తమ్ముడి కాన్పులోనే పోయిందట. ఇద్దర్నీ పెంచింది వాళ్ళ నాన్న అక్క. తలకు నూనె రాసిందీ, జ్వరం వస్తే ఒళ్ళో వేసుకుని కూర్చుందీ, పెళ్ళి చేసి పంపిందీ ఆమే.

“నాకు తల్లి మొహం గుర్తులేదే. కళ్ళు మూసుకుంటే మా మేనత్త మొహమే కనిపిస్తుంది. ఆ వరస తక్కువదని నేనెప్పుడూ అనుకోలేదు.”

లిడియా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. పొగాకు ఆరబెట్టే బ్యారన్లు, దున్నిన చేలు, మళ్ళీ బ్యారన్లు వెనక్కి పోతున్నాయి. కొంతదూరం పోయాక, “ఎండ నీ మీద పడుతోంది, ఇటు జరుగు అత్తా” అంది. మాట బరువుగానే వచ్చింది. అమీర్‌బీ వెంటనే జరిగింది, ఆ పిలుపు కోసమే ఎదురుచూస్తున్నట్టు.

నాగూర్ వలిది దర్శి బస్టాండ్ దగ్గర పంక్చర్ షాపు. పిల్లలు ముగ్గురూ కొడుకులే. అక్క వచ్చేసరికి నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూస్తున్నాడు. ట్యూబు తిప్పుతూనే సంగతంతా విన్నాడు. విన్నాక అమీర్‌బీ వైపు కాకుండా లిడియా వైపు తిరిగాడు.

“మా అక్క అడిగితే నేను దేనికైనా ఊ అంటాను. అది కాదు. నీకు కావాలా? కావాలంటే నువ్వడుగు.”

లిడియా గొంతులో ఆ మాట ఎప్పుడూ పలకలేదు. హోమ్‌లో పిల్లలు కొందరు సెలవుల్లో గేటు దగ్గరకు పరిగెత్తుతూ ఆ మాట అనడం వింది. ఎలా అనాలో తెలుసు, అంతే. బస్సుల హారన్ల మధ్య, రోడ్డు మీద, టైర్ల కుప్ప పక్కన నిలబడి, “నాన్నా, నన్ను మీ కూతుర్ని చేసుకుంటారా?” అంది.

నాగూర్ వలి ట్యూబు తొట్టిలో వదిలేశాడు. చేతులకున్న నల్లటి మట్టి సబ్బుతో కడుక్కున్నాడు, మళ్ళీ కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకుని, ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

“ఏమైనా తిన్నావా?” అన్నాడు.

షాపు కొడుక్కి అప్పజెప్పి ఇద్దర్నీ ఇంటికి తీసుకెళ్ళాడు. భార్య షాహిస్తాకు గుమ్మంలోనే, మనకు ఆడపిల్ల పుట్టింది, చూడు ఎంత పొడుగుందో అని చెప్పాడు. షాహిస్తా నవ్వాలో నమ్మాలో తెలియక ఆడబిడ్డ మొహం చూసింది. అంతా విన్నాక లోపలికి వెళ్ళి, ఎప్పుడో కోడళ్ళ కోసం దాచిన గాజులు తెచ్చి లిడియా చేతులకు తొడిగింది. అన్నాలయ్యాక నాగూర్ వలి గొంతు మార్చి, ఆ కుర్రాణ్ణి ఒకసారి పంపించండి, నేను మాట్లాడాలి అన్నాడు. వాణ్ణి నువ్వు ఎత్తుకుని పెంచావు కదరా అంది అమీర్‌బీ.

“మేనల్లుడైతే మాత్రం? పిల్లనిచ్చేటప్పుడు చూసుకోవద్దూ?”

శ్యామ్‌సుందర్ వచ్చాడు. నాగూర్ వలి అతన్ని షాపు ముందు స్టూలు మీద కూర్చోబెట్టి, తాగుడు అలవాటుందా, రాతి దుమ్ములో మాస్కు పెట్టుకుంటావా లేదా, మా అమ్మాయి ఉద్యోగం మానమంటావా అని అన్నీ అడిగాడు. శ్యామ్‌సుందర్ లేచి నిలబడి ఒక్కొక్కదానికీ జవాబు చెప్పాడట. తర్వాత మామా అల్లుళ్ళిద్దరూ కలిసి టీ తాగారట. ఆ సంగతి అతను లిడియాకు చెబుతూ, “నాకు చెమటలు పట్టాయండీ” అన్నాడు. అండీ ఏమిటి, నేను నీకు మరదల్ని అంది లిడియా. అతను మొహం తిప్పుకుని నవ్వాడు.

పెళ్ళి చర్చిలో జరిగింది. పెళ్ళికూతుర్ని తండ్రి చెయ్యి పట్టుకుని నడిపించుకుని రావాలని పాస్టరుగారు చెబితే, నాగూర్ వలి రెండు రోజుల ముందే వచ్చి ఖాళీ చర్చిలో ఆ చివరినుంచి ఈ చివరికి నడిచి చూసుకున్నాడు. మసీదు దగ్గర ఒకరిద్దరు ఇదేం పద్ధతి అని అడిగారు. కూతురు పెళ్ళికి తండ్రి వెళ్ళకపోతే అదేం పద్ధతి అని అతను తిరిగి అడిగాడు. పెళ్ళినాడు తెల్ల చొక్కా వేసుకుని, తల మీద టోపీతో, లిడియా చెయ్యి గట్టిగా పట్టుకుని నడిచాడు. ఈ పిల్లను ఇస్తున్నదెవరని పాస్టరుగారు అడిగినప్పుడు, అవసరమైనదానికంటే పెద్ద గొంతుతో, నేనే, వాళ్ళ నాన్నను అన్నాడు. వెనక బెంచీల్లో కూర్చున్న వెంకటరావమ్మ తల ఊపింది.

భోజనాలయ్యాక అప్పగింతలు. లిడియా ఇది చాలా పెళ్ళిళ్ళలో దూరంగా నిలబడి చూసింది. ఆడపిల్ల వెళ్ళిపోతుంటే వాళ్ళవాళ్ళు ఏడుస్తారు. హోమ్‌లోంచి పిల్లలు వెళ్ళిపోయేటప్పుడు మిగిలినవాళ్ళు చేతులూపేవాళ్ళు, కిటికీల్లోంచి పాట పాడేవాళ్ళు. ఎవరూ ఏడ్చేవాళ్ళు కాదు. ఆమె వెళ్ళిన రోజున కూడా పాటే పాడారు. ఇవాళ మాత్రం తను వెళ్ళాల్సింది చర్చి పేటలోని ఇంటికి, ఇక్కణ్ణించి కేక వేస్తే వినబడేంత దూరం. రెబ్కా ఒక పక్క, అమీర్‌బీ ఒక పక్క నిలబడి చేతులు చాపారు. నాగూర్ వలి లిడియా కుడిచెయ్యి తీసి రెబ్కా చేతిలో పెట్టాడు, ఎడమచెయ్యి తన అక్క చేతిలో పెట్టాడు. జాగ్రత్తగా చూసుకోండి అని మొదలుపెట్టి, మాట పూర్తి చెయ్యలేకపోయాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. ముగ్గురు కొడుకులూ ఏం చెయ్యాలో తెలియక నాన్న చుట్టూ నిలబడ్డారు. షాహిస్తా ఊరుకోబెట్టబోయి తనూ ఏడ్చింది.

లిడియా నిలబడి చూసింది. ఒక మనిషి తన కోసం, తను వెళుతున్నందుకు ఏడుస్తున్నాడు. చేతులు విడిపించుకుని వెళ్ళి అతని ముందు నిలబడింది.

“నాన్నా, నేనెక్కడికి పోతున్నాను? ఈ ఊళ్ళోనేగా” అంది.

“ఎక్కడికైతే ఏంటమ్మా” అన్నాడు నాగూర్ వలి తువ్వాలు తియ్యకుండానే. “పంపించడం పంపించడమే.”

అప్పుడు లిడియాకు కూడా ఏడుపు వచ్చింది. ఆపుకోవాలని అనిపించలేదు. అమీర్‌బీ వెనకనుంచి వచ్చి, ఆమె పమిట చెంగు సర్ది, మెల్లగా వీపు నిమురుతూ, వాళ్ళిద్దరి ఏడుపూ తీరేదాకా అలాగే నిలబడింది.